షేక్ గారి సన్నాయి, సీతారాముల పెళ్లి



రేడియో పెట్టే అలవాటున్న ఇళ్లలో పొద్దున్నే వందేమాతరం, ఆ వెనకే మంగళవాద్యం వినిపిస్తాయి. వంటింట్లో పాలు కాగుతుంటాయి, పిల్లల్ని బడికి లేపుతుంటారు, పక్కన నాదస్వరం సాగిపోతుంటుంది. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948లో మొదలైంది. అప్పటినుంచీ ఈ ప్రాంతంలో రేడియో విన్నవాళ్లకు షేక్ అని మొదలయ్యే నాదస్వర విద్వాంసుల పేర్లు కొత్త కావు. ఆ పేరు వినపడగానే రేడియో కట్టేశారన్న మాట నేనెక్కడా వినలేదు. ఈ రోజు నా ప్రసంగం ఆ పేర్ల గురించి, ఆ పేర్లున్నవాళ్లు గుడిలో వాయించడం గురించి.

లౌకికవాదం మీద మాట్లాడమంటే మనం సాధారణంగా రాజ్యాంగ పీఠిక దగ్గర మొదలుపెడతాం. 1976లో 42వ సవరణ ద్వారా ఆ మాట పీఠికలోకి వచ్చిందని చెప్పుకుంటాం. 1994లో బొమ్మై కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం లౌకికత రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమని తేల్చిందని గుర్తుచేసుకుంటాం. అవి తెలియాల్సినవే. అయితే నేను శ్రీరామనవమి పందిరి దగ్గర మొదలుపెడతాను. గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాల పల్లెల్లో ఆ పందిరి కింద జరిగేది చూస్తే ఈ విషయం సులువుగా అర్థమవుతుంది.

తాటాకు పందిరి, మామిడాకు తోరణాలు, వడపప్పు పానకం. పీటల మీద ఉత్సవ విగ్రహాలు. ఒక పక్క చాప మీద మేళంవాళ్లు. సన్నాయి పట్టుకున్న పెద్దాయన తెల్ల పంచె కట్టుకుని, భుజాన జరీ కండువా వేసుకుని కూర్చుంటాడు. వాద్యానికి దారంతో వేలాడే పీకల్లోంచి ఒకటి తీసి నోట్లో తడిపి, ఊది చూసి, నచ్చక ఇంకోటి తీస్తాడు. డోలు కొట్టే కుర్రాడు వేళ్లకు తొడుగులు బిగించుకుంటాడు. పెళ్లితంతు సాగుతుంటే వీళ్లు సన్నగా వాయిస్తూనే ఉంటారు, కానీ పెద్దాయన చూపు మాత్రం పురోహితుడి చేతిమీంచి పక్కకు పోదు. సూత్రం పైకెత్తి జనానికి చూపించి, అమ్మవారి మెడ దగ్గరికి తీసుకెళ్తూ పంతులుగారు వేలు ఆడించి, "గట్టిమేళం, గట్టిమేళం" అంటారు. ఆ మాట పూర్తయ్యేలోపే సన్నాయి పైస్థాయికి ఎగురుతుంది, డోలు దద్దరిల్లుతుంది. పెళ్లిలో ఎవరైనా తుమ్మినా, ఏ అశుభం మాట దొర్లినా వినపడకూడదని ఆ మేళం. అంటే ఆ క్షణంలో సీతమ్మవారి మాంగల్యానికి కాపలా ఉన్నది ఆ సన్నాయే. ఊదుతున్న మనిషి పేరు షేక్ ఫలానా సాహెబు. పొద్దున నమాజు చేసుకుని వచ్చినవాడు. పందిట్లో ఎవరికీ అదొక వింత కాదు. పంతులుగారికి కావలసింది తన వేలు కదిలిన క్షణం తెలిసిన మనిషి, ఆ మనిషి దొరికాడు.

తెలుగునాట సన్నాయి మేళం ప్రధానంగా నాయీబ్రాహ్మణుల వృత్తి. వాళ్లతో పాటు కోస్తాలో తరతరాలుగా ఈ విద్యను పట్టుకున్న ముస్లిం కుటుంబాలు ఉన్నాయి. చిలకలూరిపేట దానికి పెద్ద దిక్కు. అక్కడి ఆదం సాహెబు దగ్గర నేర్చుకున్నామని చెప్పుకోవడం సన్నాయివాళ్లకు గౌరవం. ఆయన శిష్యుల్లోంచి వచ్చినవాడే షేక్ చినమౌలానా. 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టాడు. చిలకలూరిపేట పాఠం అయ్యాక తంజావూరు బాణీ కోసం తమిళదేశం వెళ్లి, నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైక్కణ్ణు సోదరుల దగ్గర మళ్లీ శిష్యుడిగా కూర్చున్నాడు. అప్పటికే తెలుగునాట పేరున్న మనిషి. నాదస్వరం తమ సొంతమనుకునే నేల మీద, తమిళులు చెవి కోసుకునే స్థాయిలో తమిళ బాణీ వాయించి ఒప్పించాడు. శ్రీరంగంలో స్థిరపడి రంగనాథుడి సన్నిధిలో వాయించాడు. నాదస్వరం నేర్పడానికి శ్రీరంగంలో ఒక ఆశ్రమం పెట్టి దానికి శారద పేరు పెట్టుకున్నాడు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి వచ్చాయి. 1999లో శ్రీరంగంలోనే కన్నుమూశాడు. మనవలు కాసిం, బాబు ఆ బాణీని నిలబెట్టారు.

చినమౌలానా శిష్యురాలు కాలీషాబీ, ఆమె భర్త షేక్ మహబూబ్ సుభానీ జంటగా నాదస్వరం వాయిస్తారు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ ప్రకటించారు. గుండెలనిండా ఊపిరి పట్టాల్సిన ఈ వాద్యాన్ని మగవాళ్లదని లోకం అనుకుంటున్న రోజుల్లో ఒక ముస్లిం ఇంటి ఆడపిల్ల పట్టుకోవడం చిన్న సంగతి కాదు. ఇక గోసవీడు షేక్ హసన్ సాహెబు భద్రాచలం రామాలయంలో ఆస్థాన విద్వాంసుడిగా ఉండేవాడు. అప్పటి కృష్ణా జిల్లాలోని గోసవీడు ఆయన ఊరు. 2022లో మరణానంతరం పద్మశ్రీ ఇచ్చారు. గుడిలో ఆస్థాన విద్వాంసుడంటే పండక్కి పిలిస్తే వచ్చి వాయించిపోయే అతిథి కాదు. తెల్లవారుజామున దేవుణ్ణి మేలుకొలపడానికి భూపాలం, రాత్రి పవళింపు సేవకు నీలాంబరి, మధ్యలో ఊరేగింపులు, ఉత్సవాలు. దేవుడి దినచర్య అంతా తెలిసి, ఏ సేవకు ఏ రాగమో తప్పకుండా నడిపించేవాడు. రామదాసు చెర కథ చెప్పుకునే ఊళ్లో, గోల్కొండ సుల్తాను ముత్యాల తలంబ్రాలు పంపాడని తరతరాలుగా నమ్మే గుడిలో, రాముడి పెళ్లికి సన్నాయి ఊదింది ఒక షేక్. ఆ తలంబ్రాలు తీసుకెళ్లే ఆనవాయితీని ఇప్పటికీ మన ప్రభుత్వాలు కొనసాగిస్తున్నాయి.

ఇలాంటి విద్వాంసుల గురించి పత్రికల్లో రాసేటప్పుడు, సభల్లో సన్మానించేటప్పుడు తరచుగా ఒక మాట వింటుంటాం. "పేరుకి ముస్లిమే గాని మనసుకి హిందువండీ" అంటారు. అనేవాళ్లు ప్రేమతోనే అంటారు. నాకు మాత్రం ఆ మాట గుచ్చుకుంటుంది. ఆ మనిషికి ఇచ్చే గౌరవంలోనే ఆయన సొంతమైనదేదో లాగేసుకుంటున్నాం. రాముడి గుడిలో అంత బాగా వాయించాడు కాబట్టి ముస్లిం అయ్యుండడు, లోలోపల మనవాడే అయ్యుంటాడు అనుకోవడం ఎందుకు? ఆయన శుక్రవారం మసీదుకు వెళ్తాడు, రంజాన్‌కు ఉపవాసం ఉంటాడు, పిల్లలకు నిఖా చేస్తాడు. కల్యాణి రాగం ఆలాపన చేసేటప్పుడు ఆయన మతం ఎక్కడికీ పోదు. కాశీలో బిస్మిల్లా ఖాన్ గంగ ఒడ్డున బాలాజీ గుళ్లో సాధన చేసేవాడని దేశమంతా ముచ్చటగా చెప్పుకుంటుంది. మొహర్రం నెలలో అదే షెహనాయితో శోకగీతాలు వాయిస్తూ కాశీ వీధుల్లో నడిచాడన్నది కూడా అంతే నిజం, కానీ ఆ రెండో ముచ్చట చెప్పేవాళ్లు తక్కువ. మొహర్రం లేని బిస్మిల్లా ఖాన్ మనకు సగమే దక్కినట్టు. తన గుర్తింపును గుమ్మం బయట వదిలి వస్తేనే లోపలికి రానిస్తామనే లౌకికవాదం నాకు సమ్మతం కాదు. పూర్తి ముస్లింగా వచ్చి కూర్చుని, పూర్తి మనసుతో వాయించి, పూర్తి ముస్లింగా ఇంటికి వెళ్లే వీలుండాలి. ఆ పందిట్లో జరిగింది అదే.

అదెలా సాధ్యమైంది? మంచితనం వల్ల, పెద్దమనసు వల్ల అని చెప్తే సగమే చెప్పినట్టు. నా ఉద్దేశంలో అది సాధ్యమైంది పని వల్ల. ఊరికి సన్నాయి కావాలి. సన్నాయి ఆ ఇంట్లో ఉంది. ఆ ఇంటికి గింజలు కావాలి. కళ్లాల దగ్గర ఇచ్చే ధాన్యంతో, పెళ్లిళ్లలో ముట్టే సంభావనతో ఆ ఇల్లు గడిచింది. ఇచ్చిపుచ్చుకునే ఈ ముడి గట్టిగా ఉన్నచోట ఒకరి దేవుడి గురించి ఇంకొకరు ఆరా తీసే తీరికా లేదు, అవసరమూ లేదు.

దూదేకుల వారి సంగతి చూడండి. నూర్ బాషాలని కూడా అంటారు. ఇంటింటికీ తిరిగి, పాత పరుపుల్లో గడ్డకట్టిన పత్తిని విప్పి, విల్లులాంటి పనిముట్టు తీగ మీటుతూ దూది ఏకి, మళ్లీ పరుపు కుట్టి ఇచ్చేవాళ్లు. హిందువుల ఇళ్లలో పడగ్గది దాకా వెళ్లిన వృత్తి అది. ఇంటి భాష తెలుగు. ఇంటి ఆచారాల్లో నిఖా ఉంది, నల్లపూసలూ ఉన్నాయి. మస్తానమ్మ, హుసేనమ్మ, కాశింవలి, దస్తగిరమ్మ, పీరయ్య లాంటి పేర్లు చూడండి. అరబ్బీ పేరుకు తెలుగు అమ్మా అయ్యా చేరి ఎంత సహజంగా ఒదిగిపోయాయో. మస్తానయ్య, హుసేనప్ప లాంటి పేర్లు హిందూ ఇళ్లలో కూడా బోలెడు. బిడ్డలు నిలవక దర్గాకు మొక్కుకుని పెట్టుకున్న పేర్లు అవి. పల్లెల్లో ఒక మతం వాళ్లను ఇంకో మతం వాళ్లు "మామా", "బాబాయ్", "అక్కా" అని పిలుచుకోవడం మనకందరికీ తెలుసు. ఆ వరసలు పెళ్లి సంబంధాల దాకా పోవు. కానీ పొద్దున్నే చెరువుగట్టు మీద ఎదురుపడినప్పుడు, పొలంలో నీళ్ల తగాదా వచ్చినప్పుడు, చావు ఇంట్లో మాట సాయానికి ఆ వరసే పనికొస్తుంది.

అదే దూదేకుల వారిని ఇరువైపులా చులకన చేసినమాట కూడా చెప్పాలి. ఉర్దూ రాదని పట్నం ముస్లింలు కొందరు వాళ్లను తక్కువగా చూశారు. సాయిబులని హిందువుల్లో కొందరు దూరం పెట్టారు. మన సామెతల్లోనూ వాళ్లను ఎగతాళి చేశాం. ఎటూ పూర్తిగా చెందనివాళ్లన్న మాట వాళ్లు చిన్నప్పటినుంచీ పడ్డారు. రెండు ఇళ్ల అలవాట్లు కలిసిన బతుకును ఒక లోపంగా ఎందుకు చూడాలో నాకెప్పుడూ అర్థం కాలేదు. అప్పటి ఊరు గొప్పదని చెప్పి ఊరుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. సన్నాయి మంగళకరం, సన్నాయివాడు మాత్రం చాలా ఇళ్లలో గడప బయట. పెళ్లిలో అందరి భోజనాలూ అయ్యాక మేళంవాళ్ల విస్తళ్లు. నాయీబ్రాహ్మణుడికీ అదే, షేక్ గారికీ అదే. డప్పు కొట్టిన మాదిగకు అంతకన్నా దూరం. మతాల మధ్య ఉన్న ఆ కలుపుగోలుతనం కులాల మెట్ల మీదే నిలబడింది. అందువల్ల ఊరి మర్యాద ఒక్కటే చాలదు. ఊరి పెద్ద మనసు మారితే ఆ కలుపుగోలుతనమూ మారిపోతుంది. పని చేసేవాడికి హక్కుగా దొరికింది ఏమీ ఉండదు. రాజ్యాంగం అవసరం వచ్చేది అక్కడే.

ఆ మాట దగ్గరికి వస్తాను. ముందు పీర్ల పండుగ, అంటే పల్లెల్లో జరిగే మొహర్రం గురించి కొంచెం. ఆ పండుగలో పని ఎలా పంచుకుంటారో చూడండి. చావిడికి సున్నం వేసేవాళ్లు ఒకరు, అలావ గుండం తవ్వేవాళ్లు ఇంకొకరు. కట్టెలు ఫలానా ఇంటినుంచి రావాలి. దివిటీ పట్టేది చాకలి, డప్పు కొట్టేది మాదిగ. పీరు ఎత్తేవాళ్లలో బోయలుంటారు, రెడ్లుంటారు, దూదేకులవాళ్లుంటారు. ఆడవాళ్లు కొత్త కుండలో బెల్లం పానకం తెచ్చి పోస్తారు, మలీదా పంచుతారు, దట్టీలు కడతారు, ఊదు వేస్తారు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి మొహర్రానికి చుట్టుపక్కల జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి జనం వస్తారు. వచ్చేవాళ్లలో హిందువులే ఎక్కువ. కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ అనే పేర్లు ఆ ప్రాంతంలో ప్రతి ఊళ్లో ఉంటాయి. ఈ ఉత్సవం మీద అఫ్సర్ మహమ్మద్ రాసిన పరిశోధన గ్రంథం 2013లో వచ్చింది. ఒక ఊరి మొహర్రం అంత లోతైన పరిశోధనకు విషయమైందంటే అందులో ఎంత సరుకుందో చూడండి.

నెల్లూరులో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరుగుతుంది. చెరువు నీళ్లలో దిగి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు అందుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఈ మధ్య వీసా రొట్టె కూడా. నీళ్లలో నిలబడి "ఉద్యోగం రొట్టె ఎవరికి కావాలమ్మా" అని అరుస్తారు. కావలసినవాళ్లు కొంగు పడతారు. వచ్చే ఏడు కోరిక తీరితే వాళ్లూ రొట్టె చేసుకుని వచ్చి ఇంకెవరికో ఇవ్వాలి. కడపలో ఉగాది నాడు దేవుని కడప లక్ష్మీవేంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు కొబ్బరికాయలు, బెల్లం, బియ్యం పట్టుకుని వస్తారు. ముస్లిం ఆడపడుచు బీబీ నాంచారమ్మను స్వామి పెళ్లాడాడని నమ్మకం. కాబట్టి ఆయన వాళ్ల ఇంటి అల్లుడు. పండగపూట అల్లుడి ఇంటికి ఉత్త చేతులతో వెళ్లరు కదా.

ఈ మధ్య కాలంలో ఈ ఆచారాలన్నిటి మీదా రెండు వైపులనుంచీ ఒత్తిడి పెరిగింది. పీరు ఎత్తడం మన మతంలో లేదు, దర్గాకు పోవడం తప్పు, సంగీతం కూడదు అని ముస్లింలకు చెప్పేవాళ్లు వచ్చారు. దర్గాకు మొక్కడమేమిటి, తురకల పండుగ మనకెందుకు అని హిందువులకు చెప్పేవాళ్లు వచ్చారు. ఇద్దరి మాటా ఒక్కటే. ఎవరి ఇంట్లో వాళ్లు ఉండండి, గోడ శుభ్రంగా కట్టుకోండి అంటున్నారు. తన మతాన్ని తాను శుద్ధిగా ఆచరించాలనుకోవడం ఎవరికైనా ఉన్న హక్కు, దాన్ని నేను కాదనను. పీర్ల పండుగకు ఇక వెళ్లకూడదని ఒక ముస్లిం తనంతట తాను నిర్ణయించుకుంటే అది అతని అంతరాత్మ సంగతి. రాజ్యాంగం 25వ అధికరణం కాపాడేది దాన్నే. పేచీ వచ్చేది ఆ నిర్ణయాన్ని పక్కవాడి పొట్ట మీద అమలు చేసినప్పుడు.

శ్రీశైలం దుకాణాల వ్యవహారం దీనికి మంచి ఉదాహరణ. దేవాదాయ శాఖ కింద ఉన్న గుళ్ల స్థలాల్లో దుకాణాలు వేలం పాడుకుని నడుపుకునేవాళ్లలో ముస్లింలు కూడా ఉన్నారు. గాజులు, బొమ్మలు, పూలు, పూజాసామాను అమ్ముకుంటారు. తాతల నాటినుంచి అక్కడే ఉన్న కుటుంబాలు. 2015 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక జీవో ఇచ్చింది. హిందువులు కానివారు ఆ వేలంలో పాల్గొనడానికి, లీజు తీసుకోవడానికి వీల్లేదని దాని సారాంశం. శ్రీశైలం దుకాణదారులు కోర్టుకు వెళ్లారు. 2019లో హైకోర్టు ఆ జీవోను సమర్థించింది. వాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. అప్పీలు నడుస్తుండగా 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక సంగతి స్పష్టం చేసింది. మతం అన్న ఒక్క కారణంతో ఎవరినీ వేలంపాటనుంచి గాని, దుకాణం లీజునుంచి గాని తప్పించడానికి వీల్లేదని చెప్పింది. గుడి పరిసరాల్లో మద్యం, జూదం వద్దంటే అర్థం ఉంది, పూలు, పిల్లల బొమ్మలు అమ్మేవాడి మతంతో ఏం పని అన్నది విచారణలో ధర్మాసనం లేవనెత్తిన ప్రశ్న.

ఆరేళ్లపాటు కొందరు గాజుల దుకాణంవాళ్లు ఢిల్లీదాకా తిరిగితే వచ్చిన మాట అది. ఊరి పెద్దల మంచితనం మీద ఆధారపడి ఉంటే అదీ వచ్చేది కాదు. అందుకే చట్టం మీద నాకు అంత గురి.

దీనికి గట్టి వాదన ఒకటుంది. దాన్ని పక్కన పెట్టడం న్యాయం కాదు. గుడి ఒక మతానిది, ఆ మతాన్ని నమ్మనివాడు అందులో ఎందుకు ఉండాలి, మసీదులో హిందువును ముతవల్లీగా పెడతారా అని అడుగుతారు. సరైన ప్రశ్నే. రాజ్యాంగం కూడా దీన్ని ఆలోచించింది. మత సంస్థ వ్యవహారాలకు సంబంధించిన పదవిలో ఉండేవాడు ఆ మతస్థుడే కావాలని చట్టం చెప్పవచ్చని 16వ అధికరణం ఐదో క్లాజు అనుమతిస్తుంది. అదే రాజ్యాంగం 25వ అధికరణంలో, మతాచరణతో ముడిపడి ఉన్నా లౌకికమైన ఆర్థిక వ్యవహారాలను ప్రభుత్వం నియంత్రించవచ్చని వేరుచేసి చెప్పింది. అంటే గీత ఒకటి ఉంది. పూజ ఒకవైపు, పూజ చుట్టూ అల్లుకున్న పని ఇంకోవైపు. మన రాష్ట్రపు 1987 దేవాదాయ చట్టం వంశపారంపర్య అర్చకత్వాన్ని రద్దు చేస్తే, దాని మీద నారాయణ దీక్షితులు కేసులో 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పూజ చేయడం మతం, పూజారిని నియమించడం లౌకిక వ్యవహారం అని ఆ గీతను ఇంకా స్పష్టంగా గీసింది.

నా మటుకు నేను ఈ గీతను ఇలా చదువుకుంటాను. గర్భగుడిలో ఎవరుండాలో ఆ ఆగమం, ఆ భక్తులు చూసుకుంటారు. మంత్రం చెప్పేవాడికి ఆ మంత్రం మీద నమ్మకం ఉండాలి. అందులో తలదూర్చడానికి బయటివాళ్లకు హక్కు లేదు. పూలమ్మేవాడికి, గాజులమ్మేవాడికి, రథానికి చక్రం చెక్కేవాడికి, పందిరి వేసేవాడికి, సన్నాయి ఊదేవాడికి కావలసింది పనితనం. సన్నాయి దగ్గర మాత్రం నాకు కొంచెం తటపటాయింపు ఉంది, దాచుకోను. భూపాలంతో దేవుణ్ణి మేలుకొలపడం సేవే. అందులో భక్తి లేదని ఎవరూ అనలేరు. కానీ ఆ భక్తి ఉందో లేదో తేల్చవలసింది చెవి. చినమౌలానా రంగనాథుడి ముందు వాయిస్తుంటే విని కళ్లనీళ్లు పెట్టుకున్న వైష్ణవులు ఆయన పేరు చూసి ఆగిపోలేదు. ధ్రువపత్రంలో మతం గడి చూసి భక్తిని కొలిచే పద్ధతి ఆ గుడికి ఎన్నడూ అవసరం రాలేదు.

ఈ నియమం దర్గాకూ, చర్చికీ అంతే వర్తించాలి. దర్గా ముందు పూలచాదర్లు, అత్తరు, మిఠాయి అమ్మేవాళ్లలో హిందువులున్నారు. ఉరుసుకు పందిళ్లు వేసేవాళ్లు, బాణసంచా కట్టేవాళ్లు, వంటలు చేసేవాళ్లు అన్ని మతాలవాళ్లూ. గుంటూరు జిల్లాలో చర్చి గోపురం కట్టిన తాపీమేస్త్రిని ఏ సంఘమని ఎవరు అడిగారు? గుడి దగ్గర గోడ కడితే దర్గా దగ్గరా గోడ లేస్తుంది. నష్టపోయేది రెండుచోట్లా పొద్దున దుకాణం తెరిస్తేగాని పూట గడవనివాళ్లే.

ఇక సన్నాయి సంగతి. పెళ్లిళ్లలో ఇప్పుడు బ్యాండు, డీజే. చాలా గుళ్లలో మీట నొక్కితే డోలు, గంట, జేగంట కలిసి మోగే యంత్రాలు పెట్టారు. సుప్రభాతం పెన్‌డ్రైవ్‌లోంచి వస్తోంది. చిలకలూరిపేట, చీరాల, ఒంగోలు ప్రాంతాల్లో సన్నాయి ఇళ్ల పిల్లలు ఇంజనీరింగు చదివి బెంగళూరు, హైదరాబాదు వెళ్తున్నారు. వాళ్లు బాగుపడటం నాకు సంతోషమే. విస్తరి చివర కూర్చోవలసిన అవసరం వాళ్లకు ఇక లేదు. కానీ ఒక ఇంట్లో పదేళ్లు రోజుకు నాలుగైదు గంటలు సాధన చేస్తే గాని పలకని వాద్యం, ఒక్క తరం ఆగితే తిరిగి రాదు. యంత్రానికి మతం లేదు, నిజమే. దానికి పంతులుగారి వేలు కూడా కనపడదు. మాంగల్యం కట్టే క్షణం దానికి తెలియదు.

కాబట్టి ఆలయ కమిటీలకు, దేవాదాయ అధికారులకు నా విన్నపాలు కొన్ని ఉన్నాయి. నాదస్వరం, డోలు పోస్టులకు నోటిఫికేషన్ రాసేటప్పుడు ఊపిరి, శ్రుతి, లయ, సేవల క్రమం తెలియడం అర్హతలుగా రాయండి. పరీక్ష పెట్టండి, విని ఎంచుకోండి. ఆ విద్యను నాలుగు తరాలు మోసిన ఇళ్ల తలుపులు మాత్రం మతం అనే ఒక్క గడితో మూసేయకండి. సంగీత పాఠశాలల్లో నాదస్వరం చేరే పిల్లలకు నెలవారీ భృతి పెంచండి. ఆ ఊపిరికి తిండి కావాలి. శ్రీరామనవమి పందిళ్లు వేసే యువజన సంఘాలవారూ ఈసారి లౌడ్ స్పీకరుకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించి, మీ చుట్టుపక్కల ఇంకా వాయిస్తున్న మేళం ఎవరిదో కనుక్కుని ముందుగా తాంబూలం ఇచ్చి రండి. వాళ్ల విస్తరి పెళ్లిపెద్దలతో పాటు మొదటి పంక్తిలోనే వేయండి. ప్రయాణం ఖర్చు ముందే ఇవ్వండి. శ్రీరామనవమి రంజాన్ నెలలో పడిన ఏడు షేక్ గారు ఉపవాసంతో వాయిస్తుంటాడు. సాయంత్రం ఊరేగింపు మొదలుపెట్టే ముందు ఆయన ఇఫ్తారుకు ఖర్జూరం, మంచినీళ్లు, కూర్చోవడానికి ఒక మూల, పది నిమిషాల వ్యవధి చూడండి. రథం పది నిమిషాలు ఆలస్యంగా కదిలితే రాముడికేమీ కోపం రాదు.